ఎదురింటి వైపుకు మారిన జెండా పోస్టు

ఎర్మెలిందా రెమెదియోస్ ఎవరినీ పల్లెత్తు మాట అనదని కొండ వీధిలో ఎవరినడిగినా చెబుతారు. పాలవాడు ఆలస్యంగా వస్తే "ఏం నాయనా, ఒంట్లో బాగుందా?" అని అడుగుతుందే తప్ప విసుక్కోదు. చర్చిలో పూజకు ముందు వరసలో కూర్చోవచ్చు, ఆ హక్కు ఆవిడకుంది. అయినా మోకాళ్ళ నొప్పులున్న ముసలివాళ్ళకు ఆ చోటు వదిలేసి స్తంభం పక్కన నిలబడుతుంది. అలాంటి మనిషి డెబ్బయ్యో పడిలో పడ్డాక, ఎదురింటి గోడ మీద పసుపు రంగుతో గీసిన ఒక గుర్తును చూసి అసూయతో ఉడికిపోయింది.

సెప్టెంబరు నెల. పొద్దున్నే తులసి కుండీకి నీళ్ళు పోద్దామని కిటికీ తెరిచింది. రోడ్డుకు అవతల, పొరుగావిడ సావ్ ఫాన్ ఇంటి గేటు పక్కన గోడ కాస్త లోపలికి నొక్కుకుని ఉంటుంది. అక్కడ ఎవరో సున్నా చుట్టి, సున్నాలో గీత గీసి వెళ్ళారు. ఆ గుర్తు ఎర్మెలిందాకు కొత్త కాదు. ఏటా ఆ రోజుల్లో తన గోడ మీదే గీసేవాళ్ళు. రేసు రోజుల్లో జెండా మనుషులు ఎక్కడ నిలబడాలో చెప్పే గుర్తది. చేతిలో చెంబు చేతిలోనే ఉండిపోయింది.

మకావులో నవంబరు వస్తే ఊరి రోడ్లే రేసు రోడ్లవుతాయి. ముందు రోజు బస్సు తిరిగిన దారిలోనే మర్నాడు కార్లు విమానాల్లా దూసుకుపోతాయి. సముద్రం పక్క రోడ్డంతా తిన్నగా ఉంటుంది. కొండెక్కాక మాత్రం అన్నీ మలుపులే, రెండు పక్కలా గోడలే. పాత ప్రసూతి ఆసుపత్రి దగ్గరి మలుపును వీధివాళ్ళు పురిటి మలుపు అంటారు. అది దాటి రోడ్డు ఇంకోసారి వంగే చోట, వంపుకు బయటి పక్క ఎర్మెలిందా ఇల్లు, లోపలి పక్క సావ్ ఫాన్ ఇల్లు. వేసవి పోగానే రోడ్డుకు రెండు వైపులా ఇనుప కమ్ములు బిగించడం మొదలవుతుంది. రేసు జరిగే నాలుగు రోజులూ తెల్లవారుజామున రోడ్డు మూసేస్తారు. సాయంత్రం దాకా ఈ పక్క మనిషి ఆ పక్కకు పోలేడు.

ఆవిడ భర్త ఫ్లొరెన్సియో తపాలా కచేరీలో గుమాస్తా. ఏడాదంతా గుమాస్తానే, నవంబరులో మాత్రం జెండా మనిషి. ముందు కారు గోడకు కొట్టుకుంటే వెనక వచ్చేవాళ్ళకు పసుపు జెండా ఊపి చెప్పడం ఆయన పని. జీతం లేదు, భత్యం లేదు. తన సెలవులే పెట్టుకుని నిలబడేవాడు. ఆయన ఊపిన జెండా ఒక్కటీ తప్పు కాలేదని పేరు. జెండా పోస్టు, అంటే వాళ్ళు నిలబడే చోటు, తన గోడ వెనకే కాబట్టి ఎర్మెలిందా పెరట్లోంచే ఆ మనుషులందరికీ అన్నం పెట్టేది. మించి అనే మకావు వంటకం చేసేది. సన్నగా కొట్టిన మాంసం, వేయించిన బంగాళాదుంప ముక్కలు, అన్నం, పైన ఒక గుడ్డు. జెండాలు ఉతికి ఇస్త్రీ చేసేది. ఫ్లొరెన్సియో పోయాక అందరూ ఇక మానేస్తుందనుకున్నారు. ఆవిడ మానలేదు. ఆ ఏడాది గుడ్లు ఇంకా ఎక్కువ కొంది.

ఏడాదంతా ఆవిడ ఇంటికి వచ్చేవాళ్ళు తక్కువే. ఆ నాలుగు రోజులు మాత్రం ఇల్లు కిటకిటలాడేది. "అమ్మా, ఇంకాస్త", "పిన్నీ, మిరపకాయ ఉందా?" అని పెరడంతా ఆమెనే పిలిచేది. ఆ పిలుపు కోసమే ఆవిడ మిగతా ఏడాదంతా బతికేదని అంటే అబద్ధం కాదు.

పోస్టు పెద్ద నొర్బెర్తో ఐరోసా, ఫ్లొరెన్సియో దగ్గర జెండా పట్టడం నేర్చినవాడు. ఏటా గుర్తు గీయడానికి ముందే వచ్చి "వదినా, ఈ ఏడు కూడా మాకు నీ వాకిలే గతి" అనడం ఆనవాయితీ. ఈసారి గుర్తు గీశాక వచ్చాడు. వచ్చి కూర్చుని, పెట్టిన కొబ్బరి కేకు రెండు ముక్కలు తిని, వాతావరణం గురించి మాట్లాడాడు.

"గాలి చల్లబడింది వదినా."

"చల్లబడింది. రంగు కూడా బాగా ఆరింది, ఎదురింటి గోడ మీద."

నొర్బెర్తో కేకు మింగలేక కక్కలేక కూర్చున్నాడు.

"చెప్దామనే వచ్చాను. కొత్త బండ్లు వేగం ఎక్కువ. వంపులో పట్టు తప్పితే సూటిగా నీ గోడకే వచ్చి కొడతాయి. ఈ పక్క రెండు వరసల కమ్ములు, పైన ఎత్తుగా వల కడుతున్నారు. మనిషి నిలబడే చోటే మిగల్లేదు. సావ్ ఫాన్ గేటు దగ్గరైతే లోపలి పక్క, గోడ లోతుగా కూడా ఉంది."

"ఇన్నేళ్ళూ నిలబడ్డారుగా?"

"అప్పటి బండ్లు వేరు వదినా. అయినా జెండాలు మాత్రం నీకే తెచ్చిస్తాను. నువ్వు చేసినట్టు ఇస్త్రీ ఎవరూ చెయ్యలేరు."

"ఓహో. ఇస్త్రీ నాకు, వడ్డన ఆవిడకా? బాగా పంచావు నాయనా."

ఆ మాట తన నోట్లోంచి వచ్చిందంటే తనకే నమ్మకం కలగలేదు. నొర్బెర్తో తల గీరుకుంటూ లేచి వెళ్ళాడు. వెళ్ళేముందు, కారుతున్న వంటింటి కొళాయిని అడక్కుండానే బిగించి మరీ వెళ్ళాడు. మంచివాడని తెలుసు. తెలిసే కొద్దీ ఆవిడకు ఒళ్ళు మండింది.

సావ్ ఫాన్ అంతకంటే మంచిది. అసలు బాధంతా అదే. ఫ్లొరెన్సియో పోయినప్పుడు రోజూ వేడి వేడి గంజి పట్టుకుని రోడ్డు దాటి వచ్చింది ఆవిడే. తను మొక్కేది కున్ ఇయామ్ అమ్మవారికైనా, చర్చిలో చివరి వరసలో పూజ అయ్యేదాకా నిలబడింది. వాన పడితే తన గొడుగు ఎర్మెలిందా తలుపు దగ్గర పెట్టి, తను తడుస్తూ పోయే మనిషి. అలాంటిదాన్ని తిట్టుకోవడానికి కారణం దొరక్క ఎర్మెలిందా నిద్రపోలేకపోయింది.

మర్నాడు సావ్ ఫానే వచ్చింది, చేతులు నలుపుకుంటూ.

"అక్కా, నాకు భయంగా ఉంది. వాళ్ళంతా నీ చేతి వంట మరిగినవాళ్ళు. నేను చేసేది ఆ తామరదుంపల పులుసే. తింటారంటావా?"

"ఆకలేసినవాడు ఏదైనా తింటాడు."

"పెద్ద గిన్నె కొన్నాను. చూస్తావా, ఎంతుందో! అందులో నేను కూర్చోవచ్చు."

"కూర్చో. మూత కూడా పెట్టుకో."

సావ్ ఫాన్ పకపకా నవ్వింది. అక్క తనతో వేళాకోళమాడిందనుకుంది. కొత్త గిన్నె, కొత్త ముక్కాలి పీటలు, గేటుకు కొత్త రంగు. ఎదురుగా ఇదంతా చూస్తూ ఎర్మెలిందా జపమాల తిప్పేది. పూసలు వేళ్ళ మీదుగా జారేవి, కళ్ళు మాత్రం ఎదురింటి గేటు మీదే ఉండేవి. ఏ పూస దగ్గర ఉందో మరిచిపోయి మళ్ళీ మొదటికి వచ్చేది.

అక్టోబరులో ఒక ఆదివారం, పూజ అయ్యాక చర్చి హాల్లో వీధివాళ్ళ సమావేశం పెట్టారు. నిర్వాహకుల తరఫున ఒక ఇంజనీరు వచ్చాడు. చిన్నవాడు, మర్యాదస్తుడు. ముసలాయన ఒకరు కూర్చోవడానికి తన కుర్చీ ఇచ్చేసి నిలబడే మాట్లాడాడు.

"దాపరికం లేకుండా చెబుతాను. ఈ రోడ్డు పుట్టినప్పటి బండ్లు సన్నం, నెమ్మది. ఇప్పటివి వెడల్పు, వేగం. ముందువాణ్ణి దాటాలంటే కొండ మీద చోటు లేదు. ఒక్కడు గోడకు కొడితే రోడ్డంతా మూసుకుపోతుంది, అందరూ ఆగాలి. బయటి దేశాల్లో అప్పుడే అంటున్నారు, మకావు రోడ్డుకు కాలం చెల్లిందని. బండ్లను తగ్గించి చూస్తున్నాం, గోడలను పెంచి చూస్తున్నాం, కొండ మీది జెండా పోస్టులు తీసేద్దామా అని కూడా అనుకుంటున్నాం. మీరిక్కడ బతికేవాళ్ళు. మీరేమంటారు?"

నొర్బెర్తో లేచాడు.

"చోటు లేదనే కదయ్యా, నడిపేవాడు ఒళ్ళు దగ్గర పెట్టుకునేది! బయట వెడల్పు రోడ్ల మీద తప్పు చేస్తే గడ్డిలోకి పోయి తిరిగొస్తాడు. ఇక్కడ తప్పు చేస్తే గోడే. అందుకే ఇక్కడ గెలిచినవాడిని లోకమంతా గుర్తు పెట్టుకుంటుంది. బండి పెరిగిందని ఊరి రోడ్డును తప్పు పడతారా? చొక్కా బిగుతైందని దర్జీని తిడితే ఎలా?"

హాలంతా నవ్వారు. ఎవరో చప్పట్లు కొట్టారు.

"గోడ దగ్గర మనిషి ఉన్నాడు కాబట్టే ఇన్నాళ్ళూ నడిచింది. ఆ వంపు పోస్టు మాత్రం తీయొద్దు. సావ్ ఫాన్ గేటు దగ్గరే ఉంచండి, నేను నిలబడతాను" అన్నాడు నొర్బెర్తో.

అప్పుడు సావ్ ఫాన్ సిగ్గుపడుతూ తల వంచుకుంది. పక్కనున్నవాళ్ళు "ఇక మీ ఇంట్లోనే పండగ" అని ఆమె భుజం తట్టారు. ఎర్మెలిందా చూసింది. ఇన్నేళ్ళూ తను తల వంచుకున్నప్పుడు కూడా జనం అలాగే భుజం తట్టేవాళ్ళు. తనకు తెలియకుండానే లేచి నిలబడింది.

"ఒక మాట."

ఫ్లొరెన్సియో భార్య లేచిందంటే ఫాదర్ కూడా టీ కప్పు కింద పెట్టారు.

"మా ఆయన నాతో అనేవాడు. ఈ రోడ్డు ఇక పనికిరాదు, ఆ వంపులో ఈ పక్కా ఆ పక్కా మనిషి నిలబడకూడదు, ఏదో ఒక రోజు ప్రాణం పోతుంది అని. నేనే బయటికి చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను."

చెప్పి కూర్చుంది. దుఃఖంతో చెప్పిందనుకున్నారు జనం. పక్కామె చెయ్యి పట్టుకుంది.

ఫ్లొరెన్సియో ఆ మాట ఎప్పుడూ అనలేదు. "రోడ్డు ఇరుకే. ఇరుకని తెలిసినవాళ్ళం ఉన్నాంగా" అనేవాడు. నవ్వేవాడు కూడా.

నొర్బెర్తో ఆవిడ వైపు తిరిగాడు. మెల్లగా అన్నాడు.

"ఆయనే ఆ మాట అన్నాడా వదినా?"

ఆవిడ తల ఊపింది.

"ఆయనే అంటే ఇక నేనెవర్ని!" అని ఇంజనీరు వైపు తిరిగాడు. "పోస్టు తీసేయండి సార్. దీపాలు పెట్టుకోండి, కెమెరా పెట్టుకోండి. ఆయన మాట మీద నేను మాట్లాడను."

అంతే. వారం తిరక్కుండా సావ్ ఫాన్ గోడ మీది గుర్తును బూడిదరంగుతో చెరిపేశారు. ఆ పోస్టు మనుషుల్ని సముద్రం వైపు పోస్టులకు ఒక్కొక్కర్నీ పంచేశారు. నొర్బెర్తో పేరు ఏ పోస్టులోనూ రాయించుకోలేదని ఎర్మెలిందాకు రొట్టెల కొట్లో తెలిసింది. "గురువు గారు కూడదన్న రోడ్డు మీద నేనెలా నిలబడతాను?" అన్నాడట.

ఎర్మెలిందాకు మొదటి రెండు రోజులూ కడుపులో చల్లగా ఉంది. నాకు లేనిది ఆమెకూ లేదు. మూడో రోజు నుంచి ఆ చల్లదనం పోయింది.

ఆ సాయంత్రం సావ్ ఫాన్ కొత్త గిన్నె మోసుకుంటూ వచ్చింది. రొప్పుతోంది.

"ఇది నువ్వే ఉంచుకో అక్కా. నాకు ఇక దేనికి? ఒక్క మనిషికి పులుసు కాచుకోవడానికి ఇంత గిన్నె పొయ్యి మీద పెడితే పొయ్యి కూడా నవ్వుతుంది."

"నాకు మాత్రం దేనికి?"

"మీ చర్చిలో పండగలకు పనికొస్తుంది. నువ్వు చెప్పింది మంచికే అక్కా. ప్రాణం కంటే ఏముంది? అన్నయ్య ఊరికే అనే మనిషి కాదు." గిన్నె కింద పెట్టి, దాని అంచు మీద చెయ్యి రాస్తూ అంది. "ఒకటి చెబితే నవ్వుతావు. నా కిటికీలోంచి మీ పెరడు చూసేదాన్ని. అందరూ నిన్ను పిలుస్తుంటే, నువ్వు గరిటె పట్టుకుని తిరుగుతుంటే, నాకు ఎంత కుళ్ళుగా ఉండేదో! కిటికీ మూసేసేదాన్ని. మళ్ళీ నేనే తెరిచేదాన్ని. ఇన్నేళ్ళకు నా వంతు వచ్చిందనుకున్నాను. పోనీలే."

నిజంగానే నవ్వింది. గిన్నె మూత సరిగ్గా పెట్టి, "కాళ్ళకు నూనె రాసుకుంటున్నావా?" అని అడిగి వెళ్ళిపోయింది.

ఎర్మెలిందా ఆ గిన్నె పక్కన కూలబడింది. ఇన్నేళ్ళూ కుళ్ళుకుంటూనే ఆ మనిషి గంజి తెచ్చింది. తను మాత్రం, కుళ్ళు పుట్టి నెల తిరక్కుండానే, చచ్చిపోయిన మొగుడి నోట అబద్ధం పెట్టింది.

శనివారం తప్పు ఒప్పుకోవడానికి చర్చిలో పాపసంకీర్తనానికి వెళ్ళింది. జాలీ వెనక నుంచి ఫాదర్ అంతా విన్నారు.

"దేవుడు క్షమిస్తాడమ్మా. ఆయనకు వేరే పనేముంది? కానీ నొర్బెర్తోకు నువ్వే చెప్పాలి."

"చెబితే పోస్టు ఎదురింటికే పోతుంది ఫాదర్."

"పోతుంది."

"నాకు చూడబుద్ధి కాదు."

"కాదు. చూడబుద్ధి కావాలని నేను చెప్పలేదుగా."

నొర్బెర్తో తన ఇంటి ముందు సైకిలు చైనుకు నూనె వేస్తున్నాడు. అతను కూర్చోమన్నా ఎర్మెలిందా కూర్చోలేదు.

"ఆయన ఆ మాట అనలేదు. నేనే అల్లాను."

"ఎందుకు వదినా?"

"ఎందుకేమిటి? మీరంతా ఆమె పెరట్లో తింటుంటే చూడలేక."

నొర్బెర్తో చేతిలో నూనె డబ్బా ఒరిగి బూటు మీద కారింది. కోపం వచ్చింది. ముఖం ఎర్రబడింది. "నేను ఆయన్ని తలుచుకుని ఏడ్చాను తెలుసా? ఇన్నేళ్ళు నా చేత ఆ గోడ దగ్గర జెండా పట్టించి, లోపల ఇలా అనుకున్నాడా అని!"

"తిట్టు. నాలుగు తిట్టు."

అతను తిట్టలేదు. గుడ్డతో బూటు తుడుచుకుని, లోపల్నుంచి కుర్చీ తెచ్చి బలవంతంగా కూర్చోబెట్టాడు. అప్పుడు మాత్రం ఆవిడ ఏడ్చింది.

"ఇంజనీరుకు నేను చెప్పుకుంటాను. నీ పేరెందుకు, పొరపాటు పడ్డామంటాను" అన్నాడు.

"నా పేరే చెప్పు. మళ్ళీ అబద్ధమా?"

చెప్పాడు. ఇంజనీరు ఇంకోసారి వచ్చి, సావ్ ఫాన్ గోడ దగ్గర ముందొక కమ్మి వరస కొత్తగా వేయించి, ఈ ఏడాదికి చూద్దామన్నాడు. వచ్చే ఏడు ఈ రోడ్డు మీద రేసే ఉంటుందో లేదో తనకే తెలియదన్నాడు. వీధిలో నలుగురూ నాలుగు మాటలనుకున్నారు. ఎర్మెలిందా గిన్నె తిరిగిచ్చేసి, విషయం తనే సావ్ ఫాన్‌కు చెప్పింది. సావ్ ఫాన్ కాసేపు గుడ్లప్పగించి చూసింది. "నువ్వా! నువ్వా అక్కా!" అంది. తర్వాత మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు గొడుగు అడగడానికి వచ్చింది. వాన లేదు.

రేసు మొదటి రోజు తెల్లవారుజామున రోడ్డు మూసేశారు. ఎర్మెలిందా కిటికీ దగ్గర కుర్చీ వేసుకుంది. కొత్త వల అడ్డంగా ఉంది, అయినా కనిపిస్తోంది. అవతల నొర్బెర్తో, అతని మనుషులు, సావ్ ఫాన్ గిన్నె, ముక్కాలి పీటలు. పులుసు ఆవిరి లేస్తోంది. ఒకడు అప్పుడే చిన్న గిన్నె చాపాడు. ఎర్మెలిందా కళ్ళల్లో నిప్పులు పోసినట్టయింది. మరియమ్మ తల్లీ, నన్నేం చెయ్యమంటావు, అనుకుంది.

అంతలో సావ్ ఫాన్ తప్పు చేసింది. కార్లు తిరుగుతుండగానే చిన్న గిన్నెలో పులుసు పట్టుకుని, జెండా పట్టిన నొర్బెర్తో వెనక నిలబడి అతని భుజం తట్టింది. జెండా చేత ఉన్నవాడు రోడ్డు మీది నుంచి చూపు తిప్పకూడదు. వెనక్కి తిరగకూడదు. అతను తిరగలేదు. ఆమెకు అర్థంకాక మళ్ళీ తట్టింది. చిన్నబుచ్చుకుంది. గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది, పులుసు చల్లారిపోతోంది.

ఎర్మెలిందాకు లోపల ఒక తీపి జల్లు కురిసింది. తెలియదు! ఈమెకు తెలియదు! ముందు మిగతావాళ్ళకు పెట్టాలి. వాళ్ళలో ఒకడు తిని వచ్చి జెండా అందుకోవాలి. అప్పుడే పట్టినవాడు పక్కకొచ్చి తినాలి. అతనికి చివరి వడ్డన, అడుగునున్న వేడిది. ఇది ఈ వీధి మొత్తం మీద తన ఒక్కదానికే తెలుసు. తన దగ్గర మిగిలింది అదొక్కటే. చెప్పకపోతే మధ్యాహ్నానికల్లా జెండా మనుషులు ఆకలితో మూతి ముడుచుకుంటారు. "అమ్మ ఉంటే" అంటారు. ఆ మాట తనకు ఇక్కడికి వినబడదు గానీ, ఊహించుకోవచ్చు.

చాలాసేపు ఊహించుకుంది. బాగుంది.

కింద ఎక్కడో కారు గోడకు కొట్టినట్టుంది, పరుగు ఆపారు. రోడ్డంతా నిశ్శబ్దమైంది. ఎర్మెలిందా లేచి కిటికీ రెక్క పూర్తిగా తోసింది.

"సావ్ ఫాన్! ఓ సావ్ ఫాన్! జెండా పట్టినవాడికి చివర్న పెట్టాలే! వెనక నుంచి ముట్టుకోకు! ముందు మిగతావాళ్ళకు పెట్టి, వాళ్ళలో ఒకణ్ణి పంపు, జెండా మార్చుకుంటారు!"

"ఏంటీ?"

"చివర్న! అడుగునున్న వేడిది!"

సావ్ ఫాన్ చెయ్యెత్తి ఊపింది. ఒక్కసారి చెబితే చాలింది. మిగతా మనుషుల్ని పిలిచి కూర్చోబెట్టింది, గబగబా వడ్డించింది, ఒకణ్ణి లేపి జెండా దగ్గరికి పంపింది. దిగివచ్చిన నొర్బెర్తోకు గిన్నె అడుగునుంచి గరిటెతో తోడి పోసింది. అతను ఊదుకుంటూ తాగి, ఏదో అన్నాడు. అందరూ నవ్వారు.

ఎర్మెలిందా కిటికీ దగ్గరే నిలబడి చూసింది. తనకు ఆ పద్ధతి పట్టుబడటానికి రెండు నవంబర్లు పట్టింది. ఈవిడకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

మళ్ళీ ఒళ్ళు మండింది. జపమాల అందుకుని, మొదటి పూస నుంచి మొదలుపెట్టింది.